జనరల్ రేమండ్ ఎవరి మనిషి? నిజాం సేనాని, జాగీరు, కడప చుట్టూ అల్లుకున్న చరిత్ర

హైదరాబాద్ మెట్రోలో మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్ వెళ్తుంటే మూసారాంబాగ్ స్టేషన్ వస్తుంది. ఆ పేరు ఒక ఫ్రెంచి సైనికుడి నుంచి వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో నిజాం కొలువులో పెద్ద సైన్యాన్ని నడిపిన మిషెల్ రేమండ్ పేరు జనం నోళ్లలో నలిగి ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రామ్ అయింది. ఆయన తోట ఉన్న చోటు మూసారాంబాగ్ అయింది. సరూర్‌నగర్ దగ్గర ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది.

ఆయన గురించి ఫోన్లలో తిరిగే పోస్టులు మాత్రం ఒకదానికొకటి పొసగవు. ఒకరు ఆయన్ని హైదరాబాద్‌ను ప్రేమించిన మహానుభావుడంటారు. మరొకరు ఫ్రాన్స్ పంపిన గూఢచారి అంటారు. ఇంకొకరు మన భూములు మింగిన వలస దొరల్లో ఒకడని తేల్చేస్తారు. ఈ మూడు మాటలకూ ఎంతో కొంత ఆధారం ఉంది, ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదు. ఈ చిక్కు విడాలంటే ఆయన శౌర్యం కన్నా ముందు ఆయన సైనికులకు జీతం ఎక్కడి నుంచి వచ్చేదో చూడాలి. జీతాల దారి పట్టుకుంటే కథ నేరుగా భూమి దగ్గరికి తీసుకెళ్తుంది.

వ్యాపారానికి వచ్చి సైన్యంలో చేరినవాడు

రేమండ్ 1755లో నైరుతి ఫ్రాన్స్‌లోని సెరిన్యాక్‌లో వర్తకుల కుటుంబంలో పుట్టాడు. 1775లో పుదుచ్చేరి వచ్చింది కూడా వ్యాపారం చేసుకుందామనే. అది నిలవలేదు. అక్కడి నుంచి సైన్యంలో చేరి, మైసూరులో హైదర్ అలీ కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో కొంతకాలం పనిచేశాడు. 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ రెండోసారి భారతదేశానికి వచ్చినప్పుడు ఆయన దగ్గర అంగరక్షక అధికారిగా కుదిరాడు. ఈ బుస్సీ తెలుగువారికి కొత్త పేరేమీ కాదు. 1757లో బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు పక్షాన నిలిచింది ఆయనే. 1785లో బుస్సీ చనిపోయాడు. మరుసటి ఏడాదే రేమండ్ హైదరాబాద్ చేరి రెండో అసఫ్ జా నిజాం అలీఖాన్ కొలువులో కుదిరాడు.

ఆయన మొదలుపెట్టింది 300 మందితో. వాళ్లకు ఇవ్వడానికి సొంత తుపాకులు కూడా లేవు. ఒక ఫ్రెంచి వ్యాపారి దగ్గర తుపాకికి నెలకు ఎనిమిది అణాల అద్దె చొప్పున తెచ్చుకున్నాడు. ఎనిమిది అణాలంటే అర్ధ రూపాయి. 300 తుపాకులకు నెలకు 150 రూపాయలు. దక్కనులో కొన్నేళ్లపాటు అందరూ లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చిన సైన్యం అద్దె తుపాకులతో మొదలైంది. పదేళ్లు తిరిగేసరికి ఆ 300 మంది 11,000 అయ్యారు. ఆయన చనిపోయే నాటికి దాదాపు 14,000. ఫతే మైదాన్ దగ్గర 'తోప్ కా సాంచా' అనే ఫిరంగుల కార్ఖానా ఆయన కట్టించిందేనని చెబుతారు. ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అనే పిలుస్తున్నాం.

'వలస అధికారి' అనొచ్చా?

రేమండ్ బతికి ఉన్న రోజుల్లో హైదరాబాద్ ఎవరి వలసా కాదు. నిజాం సొంత రాజ్యం అది. రేమండ్ అక్కడ ఫ్రెంచి ప్రభుత్వ అధికారిగా లేడు. నిజాంతో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం జీతం తీసుకునే కిరాయి సేనాని. ఆ రోజుల్లో ఇలాంటివాళ్లు ఆయన ఒక్కడే కాదు. మరాఠా సర్దారు సింధియా దగ్గర డి బోయిన్, ఆయన తర్వాత పెరాన్ ఇదే పని చేశారు. యూరప్ పద్ధతిలో కవాతు చేయించి, వరస కట్టి ఒక్కసారి కాల్చడం నేర్పి, ఫిరంగులను చకచకా కదిలించగల పదాతి దళాలు తయారు చేయడం వాళ్ల పని. గుర్రపు రౌతుల మీదే ఆధారపడ్డ దక్కను సైన్యాలకు ఈ పనితనం బాగా అవసరమైంది. అందుకే నిజాం అయినా పీష్వా అయినా సింధియా అయినా వీళ్లకు మంచి ధర పెట్టారు.

అయితే ఆయనకు ఫ్రాన్స్‌తో సంబంధం లేదనీ అనలేం. ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చాక ఆయన దళం మూడు రంగుల జెండా ఎత్తింది. ఫ్రెంచి అధీనంలోని దీవులతో ఆయన ఉత్తరాలు నడిపాడు. 1793లో ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య యుద్ధం మొదలై ఇంగ్లిషువాళ్లు పుదుచ్చేరిని పట్టుకున్నాక హైదరాబాద్ కోట గోడల పక్కన ఎగిరే ఆ జెండా ఈస్టిండియా కంపెనీ కళ్లకు చిన్న విషయంగా కనబడలేదు.

జాగీరంటే భూమి సొంతం కాదు

రేమండ్‌ను 'భూస్వామి' అని రాసేవాళ్లు ఒక ముఖ్యమైన తేడాను పట్టించుకోరు. ఇవాళ్టి రిజిస్ట్రేషన్ కాగితం లాంటిది కాదు జాగీరు. ఒక ఊరిలో పండిన పంట మీద సర్కారుకు రావాల్సిన శిస్తును ఫలానావాడు తీసుకోవచ్చని ప్రభువు ఇచ్చే హక్కు అది. దున్నేది రైతే. శిస్తు వసూలు చేసేది చాలాచోట్ల దేశ్‌ముఖ్‌లు, పటేళ్లు, పట్వారీలే. జాగీర్దారు మారినా పొలంలో ఉండే మనిషి మారడు. ప్రభువుకు కోపం వస్తే జాగీరు వెనక్కి పోతుంది. జాగీర్దారు చనిపోతే వారసుడికి దక్కుతుందన్న హామీ చాలా జాగీర్లకు లేదు.

అన్ని జాగీర్లూ ఒకే రకం కావు. మనిషి సొంత పోషణకు ఇచ్చేది జాత్ జాగీరు. ఇంత సైన్యాన్ని నిలపాలన్న షరతుతో ఇచ్చేది జమియత్ జాగీరు. జీతానికి బదులు ఇచ్చేది తన్ఖా జాగీరు. నిజాం అంగరక్షక దళాలను పోషించే ఉమ్రావులకు, అంటే కొలువులోని పెద్ద సర్దార్లకు, ఇచ్చినవి పాయిగాలు. తరతరాలకు చెల్లేలా ఇచ్చింది అల్‌తమ్ఘా. రేమండ్‌కు నగదు జీతంతో పాటు సొంత ఖర్చుకు జాగీరు ఉండేది. దానికన్నా ఎంతో పెద్దది, ఆయన దళం జీతాల కోసం కేటాయించిన జిల్లాల రాబడి. ఆయన పలుకుబడంతా ఈ రెండో దాని మీదే నిలబడింది.

ఊహించుకున్న అంకెలతో ఒక లెక్క చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. ఒక పరగణా ఏటా లక్ష రూపాయల శిస్తు ఇస్తుందనుకుందాం. దాన్ని 500 మంది సైనికులను పోషించే షరతుతో ఒక సేనానికి ఇచ్చారు. మనిషికి నెలకు 8 రూపాయలు అనుకుంటే 500 మందికి ఏడాదికి 48,000. అధికారులు, ఎద్దులు, మందుగుండు, ఫిరంగులకు ఇంకో 30,000. మిగిలిన 22,000లో వసూలు ఖర్చు పోగా కొంత సేనాని చేతికి వస్తుంది. అంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు వానలు పడక శిస్తు సగమే వచ్చిందనుకోండి. 50,000తో జీతాలు మాత్రమే గట్టెక్కుతాయి, మిగతా ఖర్చంతా అప్పు. మరుసటి ఏడూ కరువొస్తే జీతాలు బకాయి పడతాయి. సేనాని ముందు అప్పుడు రెండే దారులుంటాయి. రైతును పిండాలి, లేదా సైనికుల చేతిలో దెబ్బలు తినాలి. ఆ కాలంలో జీతాల కోసం సైనికులు తమ సొంత అధికారులనే నిర్బంధించడం మామూలు విషయం. రేమండ్ దళం కథ కూడా చివరికి అలాగే ముగిసింది.

నిజాం వైపు నుంచి చూస్తే ఈ పద్ధతికి కారణం ఉంది. ఖజానాలో నగదు ఎప్పుడూ చాలేది కాదు. శిస్తు వసూలు చేసి, హైదరాబాద్ తెచ్చి, మళ్లీ జీతాలుగా పంచేకన్నా ఆ తలనొప్పి మొత్తం సేనాని చేతిలోనే పెట్టడం సులువు. దానికి మూల్యం మాత్రం పెద్దది. జిల్లా రాబడి, ఆ రాబడితో బతికే సైన్యం రెండూ ఒకే మనిషి చేతికి వెళ్తాయి.

ఖర్దా ఓటమి, కడప భయం

1790-92 మైసూరు యుద్ధంలో నిజాం ఇంగ్లిషువాళ్లతో కలిసి టిప్పు మీద పోరాడాడు. ఆ యుద్ధంలో రేమండ్ దళం నిజాం పక్షానే పనిచేసింది. 'టిప్పు మనిషి' అని రేమండ్ మీద తర్వాత పడ్డ ముద్రను తూచేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు. ఆ యుద్ధం తర్వాత టిప్పు వదులుకున్న భూభాగంలో కడప ప్రాంతం నిజాం వాటాకు వచ్చింది.

1795 మార్చిలో ఖర్దా దగ్గర నిజాం సేనకూ మరాఠాలకూ యుద్ధం జరిగింది. నిజాం వైపు రేమండ్, మరాఠాల వైపు పెరాన్. అంటే రెండు పక్కలా ఫ్రెంచి శిక్షణ పొందిన దళాలే. రేమండ్ పటాలాలు గట్టిగా నిలబడ్డాయి. కానీ నిజాం భయపడి ఖర్దా కోటలోకి వెళ్లిపోవడంతో మిగతా సైన్యం చెదిరిపోయింది. అవమానకరమైన సంధి చేసుకోవాల్సి వచ్చింది. ప్రధాని అరస్తు జా బందీగా పుణె వెళ్లాడు. నిజాం కొలువులో ఉన్న ఇంగ్లిషు పటాలాలను మరాఠాల మీదికి పంపడానికి గవర్నర్ జనరల్ జాన్ షోర్ ఒప్పుకోలేదు. ఆపదలో అక్కరకు రాని ఆ పటాలాలను నిజాం వెనక్కి పంపేసి రేమండ్ దళాన్ని పెంచాడు.

జీతాల కోసం జిల్లాలు కేటాయించడం అప్పుడు ముమ్మరమైంది. దళంలో కొంత భాగం కడప వైపు కదిలింది. కంపెనీ అధీనంలోని కర్ణాటక (ఇప్పటి రాష్ట్రం కాదు, ఆర్కాటు నవాబు ప్రాంతం) సరిహద్దు అక్కడే ఉంది. మద్రాసు ఎంతో దూరం కాదు, సముద్రం మీదుగా ఫ్రెంచి ఓడలు వస్తే కలుసుకోవడానికి వీలుంటుంది. షోర్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. అవసరమైతే తమ సైన్యాన్ని కదుపుతామనే దాకా వెళ్లాడు. చివరికి ఆ దళం వెనక్కి వచ్చింది.

ఇక్కడ ఇంగ్లిషువాళ్లను భయపెట్టింది ఒక ఫ్రెంచివాడి చేతిలోని కత్తి ఒక్కటే కాదని నా ఉద్దేశం. కత్తికి తోడు శిస్తు కూడా అతని చేతికి రావడం అసలు భయం. నెల జీతగాడైన సేనానిని ఒక ఆజ్ఞతో తీసేయొచ్చు. ఒక జిల్లా రాబడి మీద పాతుకున్న సేనానిని కదిలించడం అంత తేలిక కాదు.

అదే 1795లో నిజాం కొడుకు ఆలీ జా తిరుగుబాటు చేశాడు. దాన్ని అణచింది రేమండే. పట్టుబడ్డ రాకుమారుడు దారిలోనే ప్రాణం తీసుకున్నాడు. దర్బారులో రేమండ్ పలుకుబడి అప్పుడు శిఖరాన ఉంది. అజ్దర్ జంగ్ లాంటి బిరుదులు వచ్చాయి. అయితే ఆ తిరుగుబాటు చూసి భయపడ్డ నిజాం ఇంగ్లిషు పటాలాలను మళ్లీ పిలిపించుకున్నాడు. రెండు పక్కలా ఒక్కో దన్ను పెట్టుకుని, ఎవరి చేతిలోనూ పూర్తిగా పడకుండా నెగ్గుకురావాలన్నది ఆయన ఎత్తుగడ. 1797లో పుణె నుంచి తిరిగొచ్చిన అరస్తు జా ఇంగ్లిషువాళ్ల వైపు మొగ్గాడు. రేమండ్‌కు పోటీగా ఫింగ్లాస్ అనే ఇంగ్లిషు సేనాని దళాన్ని, బాయిడ్ అనే అమెరికన్ దళాన్ని ప్రోత్సహించారు.

ముప్పు నిజమా, సాకా?

రేమండ్ దళం నిజంగా కంపెనీకి ముప్పేనా అన్న దాని మీద రెండు వాదాలున్నాయి.

ముప్పే అనేవాళ్లు చూపే ఆధారాలు బలహీనమైనవి కావు. జెండా ఫ్రెంచిది. అధికారుల్లో చాలామంది విప్లవాన్ని బాహాటంగా అభిమానించేవాళ్లు. కంపెనీ ప్రాంతాల నుంచి సిపాయిలను తన వైపు లాక్కుంటున్నారన్న ఫిర్యాదులు ఉండేవి. 1798 జనవరిలో ఫ్రెంచి అధీనంలోని మారిషస్ దీవి గవర్నర్ మలార్టిక్, టిప్పుకు సాయంగా స్వచ్ఛంద సైనికులు రావాలని బహిరంగంగా ప్రకటించాడు. ఆ ఏడాదే నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. శ్రీరంగపట్నం, హైదరాబాద్, సింధియా కొలువు, మూడుచోట్లా ఫ్రెంచివాళ్లే ఉన్నారు. కలకత్తాలో కూర్చున్నవాళ్లకు ఈ చుక్కలన్నీ ఒకే గీత మీద ఉన్నట్టు కనిపించడం సహజం.

సాకు మాత్రమే అనేవాళ్లు తేదీలను ముందు పెడతారు. కొత్త గవర్నర్ జనరల్ వెల్లెస్లీ భారతదేశంలో అడుగుపెట్టక ముందే, 1798 ఫిబ్రవరిలో దారిలో ఆఫ్రికా దక్షిణ కొసనున్న కేప్ దగ్గర ఆగి, హైదరాబాద్‌లో రెసిడెంటుగా, అంటే దర్బారులో కంపెనీ ప్రతినిధిగా, పనిచేసి వచ్చిన విలియం కిర్క్‌పాట్రిక్‌ను పిలిచి ఈ దళం గురించి కూలంకషంగా అడిగి తెలుసుకున్నాడు. అప్పటికి మలార్టిక్ ప్రకటన కబురు అక్కడికి చేరనే లేదు. అంటే దళాన్ని తీసేయాలన్న ఆలోచన ముందే మొదలైంది, కారణాలు తర్వాత బలపడ్డాయి. పైగా రేమండ్ తాను ఉప్పు తిన్న నిజాం మీదికి ఏనాడూ ఫిరంగి తిప్పలేదు. ఆజ్ఞాపిస్తే టిప్పు మీద పోరాడాడు, నిజాం సొంత కొడుకు మీదికీ వెళ్లాడు.

నాకు ఈ రెండూ పొసగని వాదాలుగా అనిపించవు. రేమండ్ మనసు ఫ్రాన్స్ వైపు ఉండొచ్చు, చేతులు మాత్రం జీతమిచ్చే ప్రభువు పనే చేశాయి. ఇంగ్లిషువాళ్లు ఆయన చేసిన పనికి కాక, చేయగలిగిన పనికి భయపడ్డారు.

మరణం: మూడు కథలు

1798 మార్చి 25న రేమండ్ హఠాత్తుగా చనిపోయాడు. అప్పటికి నలభై మూడో ఏట ఉన్నాడు. విషం పెట్టారని కొందరు, ఆత్మహత్య అని కొందరు, జబ్బు చేసి పోయాడని కొందరు అంటారు. విషం కథకు బలం సందర్భం నుంచి వస్తోంది. ఆయన పోవడం కంపెనీకీ, దర్బారులో కంపెనీ పక్షానికీ ఎంతో కలిసొచ్చింది. కానీ లాభపడ్డవాడే చేశాడనడం రుజువు కాదు. ఆత్మహత్య కథ ఆయన పలుకుబడి తగ్గుతున్న కాలానికి సరిపోతుంది, అది కూడా ఊహే. జబ్బు మాటను తోసిపుచ్చడానికి కారణమేమీ లేదు. ఆ కాలంలో దక్కనుకు వచ్చిన యూరోపియన్లు నలభైల్లో పోవడం వింత కాదు. ఈ మూడింటిలో దేనికీ తిరుగులేని ఆధారం లేదు కాబట్టి 'విషమిచ్చి చంపారు' అని ఖాయంగా రాసే పోస్టులను నమ్మక్కర్లేదు.

ఆయన్ని జనం ఎలా తలుచుకున్నారన్నది మాత్రం ఊహ కాదు. గుట్ట మీద నల్లరాతి సూది స్తంభం, దాని మీద జేఆర్ అనే అక్షరాలు, పక్కనే స్తంభాల మంటపం. ఏటా వర్ధంతి నాడు హిందువులూ ముస్లింలూ అక్కడ దీపాలు పెట్టేవారు. 2001లో కూలిపోయిన మంటపాన్ని తర్వాత మళ్లీ కట్టారు. ఒక పరదేశి సేనానికి ఇంత ఆదరణ ఎందుకంటే, తన సైనికులను బాగా చూసుకున్నాడన్న పేరు. జీతం వేళకు అందడమే పెద్ద సంగతి అయిన రోజుల్లో సిపాయి ఇంట్లో ఆ పేరుకు ఉన్న విలువ మనం తేలిగ్గానే ఊహించుకోవచ్చు.

కాల్పులు లేకుండా కరిగిపోయిన 14,000 మంది

రేమండ్ స్థానంలో పిరాన్ వచ్చాడు. సింధియా దగ్గరి పెరాన్ వేరు, ఈయన వేరు. ఈ ఇద్దరినీ కలిపేసి రాయడం తరచూ కనిపించే తప్పు. రేమండ్ నేర్పు, దర్బారులో ఆయనకున్న పట్టు పిరాన్‌కు లేవు.

1798 సెప్టెంబర్ 1న నిజాం కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. దాని ప్రకారం కంపెనీ ఆరు పటాలాలను హైదరాబాద్‌లో శాశ్వతంగా ఉంచుతుంది. వాటి ఖర్చు నిజాం భరించాలి. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ అక్టోబర్‌లో ఆ పని పూర్తి చేశాడు. రద్దు కబురు తెలియగానే సిపాయిలు జీతం బకాయిల కోసం ఎదురు తిరిగి పిరాన్‌నూ ఇతర అధికారులనూ నిర్బంధించారు. మాట్లాడటానికి వెళ్లిన కంపెనీ అధికారి జాన్ మాల్కంను కూడా చుట్టుముట్టారు. అంతకుముందు ఆయన పటాలంలో పనిచేసి వచ్చిన కొందరు సిపాయిలే ఆయన్ని బయటపడేశారు. అక్టోబర్ 22న కంపెనీ సేనలు ఫిరంగులతో దండును చుట్టుముట్టాయి. బకాయిలు ఇస్తామన్న హామీతో సిపాయిలు ఆయుధాలు దించారు. యుద్ధమనేదే జరగలేదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. కొత్త ఒప్పందం ప్రకారం నిజాం ఏటా కట్టాల్సింది 24,17,100 రూపాయలు, అంటే నెలకు 2,01,425. ఆరు పటాలాలంటే సుమారు 6,000 మంది సిపాయిలు. ఇంతకుముందు ఊహించుకున్న 8 రూపాయల జీతంతోనే లెక్కేస్తే, రేమండ్ దళంలోని 14,000 మందికి నెలకు 1,12,000, ఏడాదికి 13,44,000 అవుతుంది. ఫిరంగులు, అధికారుల ఖర్చు కలిపితే ఇది ఇంకా పెరుగుతుంది కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేయడం న్యాయం కాదు. అయినా ఒక సంగతి స్పష్టం. సగం కన్నా తక్కువ మంది కోసం నిజాం కట్టడానికి ఒప్పుకున్నది పెద్ద మొత్తం. పైగా ఆ సైన్యం ఆయన ఆజ్ఞ మీద నడవదు. పాత దళానికి జీతం ఆలస్యమైతే సిపాయిలు తమ అధికారులను నిర్బంధించారు. కొత్త దళానికి ఆలస్యమైతే నిలదీసేది ఏకంగా కంపెనీ సర్కారు.

మళ్లీ కడప దగ్గరికి

రేమండ్ కథ రాసేవాళ్లు చాలామంది 1798లో ఆగిపోతారు. తెలుగువారికి సంబంధించినంత వరకు అసలు పర్యవసానం ఆ తర్వాతే వచ్చింది. 1799లో టిప్పు చనిపోయాక బళ్లారి, అనంతపురం ప్రాంతాలు కూడా నిజాం వాటాకు వచ్చాయి. 1800 అక్టోబర్‌లో కొత్త ఒప్పందం కుదిరింది. కంపెనీ సైన్యం పెరిగింది. ఏటేటా నగదు కట్టే బదులు మైసూరు యుద్ధాల వల్ల వచ్చిన జిల్లాలను, అంటే కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు. దత్త మండలాలు అని మనం చెప్పుకునేవి ఇవే. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన పేరుతో రాయలసీమ అయ్యాయి.

సైన్యం ఖర్చుకు భూమి రాబడిని చూపించడమన్న పద్ధతి రెండు చోట్లా ఒకటే. ఐదేళ్ల కిందట కడప దిక్కున రేమండ్ దళం నిలవడాన్ని ప్రమాదమన్న కంపెనీ, అదే కడపను తన సైన్యం ఖర్చు కింద తీసుకుంది. కాకపోతే రేమండ్‌కు దక్కింది ప్రభువు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల హక్కు, కంపెనీకి దక్కింది శాశ్వత అధికారం. రేమండ్ పోగానే ఆయన దళం జిల్లాల రాబడి నిజాం చేతికి తిరిగొచ్చింది. కంపెనీకి ఇచ్చిన జిల్లాల్లో థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా దిగి, శిస్తు ఒప్పందాలను రైతులతోనే నేరుగా చేసుకునే ఏర్పాటు మొదలుపెట్టాడు.

1853లో ఇదే మళ్లీ జరిగింది. హైదరాబాద్ కంటింజెంట్ అనే దళం జీతాల బకాయి కింద బెరార్ ప్రాంతం ఇంగ్లిషువాళ్ల ఆధీనంలోకి పోయింది. హైదరాబాద్ రాజ్యంలో మిగిలిన జాగీర్లు 1949లో రద్దయ్యాయి. కడప, అనంతపురం మాత్రం 1800 తర్వాత ఏనాడూ నిజాం పాలనలోకి రాలేదు. 1953 దాకా మద్రాసు కిందే ఉండి, అక్కడి నుంచి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి. బళ్లారిలో ఎక్కువ భాగం మైసూరుకు వెళ్లింది.